బ్రెడ్ మాడుతోంది, చీజ్ కరగట్లేదు: ఇంట్లో గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్ సరిగ్గా రావాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పెనం మీద గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్ చేస్తే బ్రెడ్ బయట నల్లబడుతోంది, లోపల చీజ్ పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. కేఫ్‌లో తిన్నప్పుడు సాగినట్టు సాగట్లేదు. పిల్లల బాక్సులో పెడితే మధ్యాహ్నానికి మెత్తగా తడిసిపోయి, సగం తిని వెనక్కి తెస్తున్నారు. దీనికోసం గ్రిల్లర్ కొనాలా, లేక ఖరీదైన చీజ్ వాడాలా?

ప్రస్తుతానికి రెండూ వద్దు. మంట బాగా తగ్గించండి, పెనం మీద మూత పెట్టండి, చీజ్‌ను ముక్కగా కాకుండా తురిమి వేయండి. ఈ మూడింటితో మీ సమస్యలో చాలావరకు తీరిపోతుంది. సాగకపోవడం వేరే సంగతి. అది మీరు వాడే చీజ్ రకం వల్ల, మీరు చేసే తీరు వల్ల కాదు. బాక్సు గొడవ ఇంకా వేరు. ఒక్కొక్కటీ చెబుతాను.

మాకు కాకినాడలో కాలేజీల దగ్గర చిన్న శాండ్‌విచ్ కొట్టు ఉంది. మెషీన్ మీదా, మామూలు ఇనుప పెనం మీదా, గ్యాస్ మంట మీద పట్టుకునే చేతి టోస్టర్ మీదా అన్నిటి మీదా చేస్తాం. కరెంటు పోయిందంటే పెనమే దిక్కు. అందుకే మెషీన్ లేకుండా కుదరదనే మాట నేను ఒప్పుకోను.

ముందు ఎందుకు మాడుతోందో చూద్దాం

చీజ్ కరగడానికి పెద్ద వేడి అక్కర్లేదు. అందులోని కొవ్వు 32 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. ప్రొటీన్ పట్టు వదిలి చీజ్ మొత్తం జారడానికి, చెడ్డార్ లాంటి వాటికి సుమారు 65 డిగ్రీలు చాలు. బ్రెడ్ పైభాగం ఎర్రగా కాలి ఆ కమ్మటి వాసన రావాలంటే మాత్రం 140 డిగ్రీలు దాటాలి. పెద్ద మంట మీద పెనం ఇంకా చాలా ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి బ్రెడ్ బయటివైపు నిమిషంలో ఆ 140 దాటేస్తుంది, రెండో నిమిషానికి మాడుతుంది. ఆ వేడి లోపలికి వెళ్లాలిగా! బ్రెడ్ అంటే సగానికి పైగా గాలి. గాలి గుండా వేడి చాలా నెమ్మదిగా కదులుతుంది. పైగా మీరు చీజ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెడుతున్నానన్నారు. అది 5, 6 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి 65కి రావాలంటే దానికి టైం ఇవ్వాలి.

కాబట్టి పనంతా ఆ రెండింటినీ ఒకేసారి గమ్యం చేర్చడమే. బయట నెమ్మదిగా కాలాలి, లోపల త్వరగా వేడెక్కాలి. మన ఇళ్లలో దిబ్బరొట్టె ఎలా కాలుస్తారో గుర్తు చేసుకోండి. సన్నటి సెగ, పైన మూత, ఓపిక. ఇదీ అంతే. దోసె పోసినట్టు పెద్ద మంట మీద టకటకా తీసేద్దామనుకుంటే కుదరదు.

నేను పెనం మీద చేసే పద్ధతి

బ్రెడ్ తీసే ముందే చీజ్‌ను బయట పెట్టండి, పది పదిహేను నిమిషాలు. మరీ మెత్తబడితే తురమడం కష్టం కాబట్టి తురిమాక బయట ఉంచినా సరే. పెనాన్ని మీడియం మంట మీద రెండు నిమిషాలు వేడి చేసి, తర్వాత సిమ్‌కి దించండి. ఇనుప పెనం అయితే వేడి పట్టి ఉంచుతుంది కాబట్టి సిమ్‌లోనే పని అయిపోతుంది. పలచటి నాన్‌స్టిక్ పెనం అయితే బర్నర్ వలయం ఉన్న చోట ఎక్కువ, మిగతా చోట తక్కువ కాలుతుంది. అలాంటప్పుడు మధ్యలో శాండ్‌విచ్‌ను ఒకసారి పావు వంతు తిప్పండి. నాన్‌స్టిక్‌ను ఖాళీగా పెద్ద మంట మీద వదిలేయకండి. 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలై, పీల్చకూడని పొగలు వదులుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. రెండు బ్రెడ్ ముక్కలకీ ఒకవైపు పలచగా వెన్న రాసి, ఆ వైపు కిందికి ఉండేలా పెనం మీద పెట్టి లేత బంగారు రంగు వచ్చేదాకా కాల్చండి. ఒక నిమిషం, నిమిషంన్నర. తీసేయండి. ఆ కాలిన వైపే లోపలికి రావాలి, దాని మీదే చీజ్ వేయాలి. అంటే చీజ్ పడేసరికే కింద వేడి ఉపరితలం ఉంటుంది. లోపలి నుంచి కూడా వేడి తగులుతుంది. పైగా కాలిన వైపు గట్టిపడి ఉంటుంది కాబట్టి కరిగిన చీజ్ నూనె, టమాటా చెమ్మ బ్రెడ్‌లోకి అంత తొందరగా ఇంకవు. మా కొట్లో రద్దీ లేనప్పుడు ఇలాగే చేస్తాం. రద్దీ ఉంటే ఈ మెట్టు వదిలేస్తాం. తేడా తెలిసినవాళ్లు అడుగుతారు కూడా.

తర్వాత రెండో ముక్కతో మూసి, బయటి వైపులకు వెన్న రాసి పెనం మీద పెట్టి మూత వేయండి. మూత మరీ బిగుతుగా ఉండనక్కర్లేదు, బోర్లించిన గిన్నె చాలు. మూడు నిమిషాల తర్వాత అట్లకాడతో అంచు కొంచెం ఎత్తి చూడండి. కింద బంగారు రంగుకి వచ్చి, పక్క నుంచి చూస్తే చీజ్ అంచు మెరుస్తూ కొద్దిగా కిందికి వాలుతుంటే తిప్పేయండి. తిప్పాక మూత మళ్లీ పెట్టకండి. ఇది చాలామంది పట్టించుకోరు. మొదటి వైపు మూత ఎందుకంటే లోపల వేడి నిలవడానికి. రెండో వైపు కూడా మూత ఉంచితే ఆవిరి పైకి తిరిగిన కరకర వైపు మీద పడి దాన్ని మెత్తబరుస్తుంది. మూత లేకుండా ఇంకో రెండు మూడు నిమిషాలు.

అట్లకాడతో గట్టిగా నొక్కకండి. పెనానికి బాగా ఆనడానికి అరచేయంత బరువు చాలు. నొక్కితే చీజ్ పక్కల నుంచి కారి పెనం మీద మాడుతుంది, బ్రెడ్ అట్టలా తయారవుతుంది. కాలేజీ పిల్లలు మా దగ్గర ‘ఎక్స్‌ట్రా చీజ్ అంకుల్’ అంటుంటారు. డబ్బులిస్తారు, వేస్తాం. కానీ మామూలు సైజు బ్రెడ్‌కి 40 గ్రాములు దాటిందంటే అందులో కొంత పెనానికే పోతుంది. అంటే రెండు స్లైసులు, లేదా ఒక క్యూబు, పైన చిన్న గుప్పెడు మొజరెల్లా తురుము. అంచుల నుంచి అర సెంటీమీటరు ఖాళీ వదిలి పరచండి. కరిగాక అదే అంచుకి వస్తుంది.

దించగానే కోయకండి. ఒక నిమిషం ఆగండి. వెంటనే కోస్తే చీజ్ అంతా కత్తికి అంటుకుని బయటికి వచ్చేస్తుంది. పైగా కరిగిన చీజ్ వేడి చాలాసేపు నిలుస్తుంది, చిన్నపిల్లల నోరు కాలుతుంది.

ఇక చీజ్ సంగతి

మీరు ‘మంచి చీజ్’ అన్నారు. ఏ పనికి మంచిదో చూడాలి. మనం దుకాణంలో కొనే చీజ్‌లు ముఖ్యంగా మూడు రకాలు: ప్రాసెస్డ్ చీజ్ (స్లైసులు, క్యూబులు, బ్లాకు), మొజరెల్లా (పిజ్జా చీజ్ అని కూడా అంటారు), చెడ్డార్ లాంటి మాగబెట్టిన చీజ్. మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి.

ప్రాసెస్డ్ చీజ్ హాయిగా, నూనె విడవకుండా, క్రీములాగా కరుగుతుంది. సాగదు. మొజరెల్లా సాగుతుంది, కానీ దానికంటూ పెద్ద రుచి ఉండదు. ఉప్పు కూడా తక్కువే. చెడ్డార్‌కి రుచి ఎక్కువ, కానీ మాగినకొద్దీ వేడికి నూనె తేలుతుంది, కొంచెం గరుకుగా విరుగుతుంది. మీరు ఒట్టి స్లైసులు వాడుతున్నానని రాశారు కాబట్టి సాగకపోవడంలో వింత లేదు. ఎంత బాగా చేసినా సాగదు. కేఫ్‌లో మీరు తిన్నదాంట్లో మొజరెల్లా కలిసి ఉంటుంది.

నా లెక్క: సగం ప్రాసెస్డ్ చీజ్ తురుము, సగం మొజరెల్లా తురుము. ఒకటి రుచికి, ఒకటి సాగడానికి. చెడ్డార్ దొరికి, బడ్జెట్ కూడా ఉంటే ప్రాసెస్డ్ చీజ్‌లో కొంత భాగం దానితో మార్చండి. కానీ చెడ్డార్ ఒక్కటే వేయకండి. దానికి ఒక్క ప్రాసెస్డ్ స్లైసు తోడైనా నూనె తేలడం బాగా తగ్గుతుంది.

అలా ఎందుకో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే మిగతావన్నీ మీరే ఊహించుకోవచ్చు. చీజ్ అంటే పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ అల్లిక. ఆ అల్లికను క్యాల్షియం పట్టి ఉంచుతుంది, మధ్యలో కొవ్వు, నీళ్లు ఇరుక్కుని ఉంటాయి. ప్రాసెస్డ్ చీజ్ చేసేటప్పుడు సోడియం సిట్రేటు, ఫాస్ఫేటు లాంటి లవణాలు కలుపుతారు. అవి క్యాల్షియాన్ని లాక్కుంటాయి, ప్రొటీన్ వదులై కొవ్వునూ నీటినీ కలిపి పట్టుకుంటుంది. అందుకే వేడి చేసినా విడిపోదు. లేబుల్ మీద ‘ఎమల్సిఫైయర్’ అని చూసి కొంతమంది కంగారు పడతారు. అదే ఇది. కొత్తగా వచ్చిన కల్తీ కాదు. స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ 1911లోనే ఈ పద్ధతి కనిపెట్టారు, ఎగుమతి చేసే చీజ్ పాడవకుండా నిలవ ఉండడానికి. అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ 1916లో పేటెంట్ తీసుకున్నాడు. 1928లో అక్కడే, మిస్సోరీ రాష్ట్రంలో, మెషీన్ మీద కోసిన బ్రెడ్ అమ్మకానికొచ్చింది. ఈ శాండ్‌విచ్ అమెరికాలో ఇంటింటి వంట కావడానికి ఆ రెండూ చవగ్గా దొరకడం ముఖ్య కారణం. అంటే గ్రిల్డ్ చీజ్‌లో ప్రాసెస్డ్ చీజ్ వేస్తే అది అసలైనది కాదనేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు. ఇంటింటికీ చేరిందే దానితో.

ఒక్క జాగ్రత్త మాత్రం నిజం. ప్రాసెస్డ్ చీజ్‌లో ఉప్పు ఎక్కువ. 100 గ్రాములకు సోడియం సాధారణంగా ఒక గ్రాము దాటే ఉంటుంది. పెద్దవాళ్లు రోజు మొత్తం మీద తీసుకునే సోడియం 2 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పైన మళ్లీ ఉప్పు వెన్న రాస్తున్నాం. కాబట్టి లోపల కూరలకి విడిగా ఉప్పు వేయకండి. బీపీ ఉన్నవాళ్లకైతే మొజరెల్లా వాటా పెంచి, ఉప్పు లేని వెన్న వాడండి.

పనీర్ వేస్తే కరుగుతుందా అని కొట్లో చాలామంది అడుగుతారు. కరగదు. పనీర్‌ను నిమ్మరసమో వెనిగరో వేసి వేడి పాలు విరగ్గొట్టి చేస్తారు. ఆ పులుపుకి క్యాల్షియం బయటికి పోయి, ప్రొటీన్ గట్టిగా ముద్దకట్టేస్తుంది. ఎంత కాల్చినా ఎర్రబడుతుంది గానీ జారదు. కావాలంటే చిదిమి, చీజ్‌లో కలిపి వేసుకోండి. కూరడానికి బాగుంటుంది, ప్రొటీనూ పెరుగుతుంది.

కొనేటప్పుడు వెనక లేబుల్ చదవండి. ఒకసారి సరుకు వేసే ఒకాయన కిలో మీద బాగా తక్కువ ధరకి ‘పిజ్జా టాపింగ్’ బ్లాకు తెచ్చిచ్చాడు. తురిమితే చక్కగా పొడిపొడిగా వచ్చింది. పెనం మీద మాత్రం కరగడానికి బదులు మెరిసే ముద్దలా అయింది, చల్లారితే రబ్బరు ముక్క. వెనక చూస్తే పాలకొవ్వు బదులు వెజిటబుల్ ఆయిల్, స్టార్చ్. దాన్ని అనలాగ్ అంటారు. అమ్మడం నేరం కాదు, కానీ చీజ్ అనే పేరుతో అమ్మకూడదు. మనకి తెలిసి కొనాలి. పదార్థాల జాబితాలో మొదట చీజ్ లేదా పాలు ఉండాలి. పామ్ ఆయిల్ కనిపిస్తే పక్కన పెట్టేయండి. ప్యాకెట్‌లో ముందే తురిమి అమ్మేది కూడా అంత బాగా కలవదు, ముక్కలు అంటుకోకుండా దానికి స్టార్చో సెల్యులోజో పూస్తారు. బ్లాకు కొని ఇంట్లో తురుముకోవడం మేలు. ఖరీదు కూడా తగ్గుతుంది.

చీజ్ స్ప్రెడ్ ఈ పనికి వద్దు. అది వేడికి నీళ్లలా పలచబడి బ్రెడ్‌ను నానబెడుతుంది.

శాకాహారులు అడిగే మాట ఇంకోటి: చీజ్‌లో జంతువుల పొట్ట నుంచి తీసిన రెన్నెట్ (పాలు గడ్డకట్టడానికి వేసేది) ఉంటుందా అని. ఇక్కడ ఆకుపచ్చ చుక్క ఉన్నవాటిలో ఉండదు, సూక్ష్మజీవుల నుంచి వచ్చే రెన్నెట్ వాడతారు. బయటి దేశాల్లో ఉండేవాళ్లు మాత్రం లేబుల్ చూసుకోవాలి. ఇటలీవాళ్ల అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌కైతే దూడ రెన్నెట్ తప్పనిసరి.

వెన్నా, నెయ్యా, మయొనీసా?

వెన్నే. కానీ పెనం మీద కాదు, బ్రెడ్ మీద రాయండి. పెనం మీద వేస్తే ఒకచోట గుంపుగా కరిగి, బ్రెడ్ పెట్టిన చోటే మొత్తం పీల్చేసుకుంటుంది. అందుకే మచ్చలు మచ్చలుగా కాలుతుంది. మెత్తబడిన వెన్న అంచులదాకా పలచగా రాస్తే రంగు సమంగా వస్తుంది. ఒక్కో వైపుకి ఒక టీస్పూను చాలు.

దుకాణంలో కొనే టేబుల్ బటర్‌లో కొవ్వు 80 శాతం, మిగతాది నీళ్లు, ఉప్పు, కొద్దిగా పాల పదార్థం. ఆ పాల పదార్థమే ఎర్రబడి కమ్మదనం ఇస్తుంది, మంట ఎక్కువైతే ముందుగా మాడేదీ అదే. వెన్నలో రెండు చుక్కలు నూనె కలిపితే మాడదంటారు. నూనె కలిపినంత మాత్రాన ఆ పాల పదార్థం ఎక్కడికీ పోదుగా. మంట తగ్గించడమొక్కటే దారి. నెయ్యిలో ఆ పదార్థం తీసేసి ఉంటుంది కాబట్టి ఎక్కువ వేడి తట్టుకుంటుంది. మంట మీద అదుపు లేని స్టవ్ అయితే నెయ్యి వాడండి. రుచి కొంచెం మన వైపుకి వస్తుంది. నాకైతే ఇష్టమే. ఇంట్లో చిలికిన వెన్న వాడేవాళ్లు దాంట్లో నీళ్లు బాగా పిండేయాలి, లేకపోతే పెనం మీద చిటపటలాడుతూ బ్రెడ్ ఉడుకుతుంది తప్ప కాలదు.

వెన్న బదులు బయటివైపు మయొనీస్ రాయమని యూట్యూబ్‌లో చూసి అడుగుతున్నారు. పని చేస్తుంది. నూనె, గుడ్డు కలిసి ఉండడం వల్ల రంగు సమంగా వస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసినా సులువుగా పరుచుకుంటుంది. కానీ పచ్చిగుడ్డుతో ఇంట్లో చేసిన మయొనీస్ పిల్లలకి పెట్టకండి. ఫుడ్ పాయిజనింగ్ కేసులు వచ్చాకే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి పచ్చిగుడ్డు మయొనీస్‌ను ఏడాది పాటు నిషేధించింది. సీలు చేసిన సీసాలో గుడ్డు లేనిది వాడుకోండి. అందులో చక్కెర ఉంటుంది కాబట్టి వెన్న కంటే త్వరగా ఎర్రబడుతుంది, కనిపెట్టుకుని ఉండాలి.

బ్రెడ్

మామూలు శాండ్‌విచ్ బ్రెడ్ చాలు. మిల్క్ బ్రెడ్‌లో చక్కెర ఎక్కువ, అందుకే తొందరగా నల్లబడుతుంది. మీది అదే అయితే మాడడానికి అదొక కారణం. నిన్నటి బ్రెడ్ ఇవాళ్టి దానికంటే మేలు, చెమ్మ తగ్గి బాగా కరకరలాడుతుంది. బ్రెడ్‌ను ఫ్రిజ్‌లో పెడితే త్వరగా గట్టిపడుతుందనేది నిజమే గానీ, కాల్చేటప్పుడు ఆ గట్టిదనం చాలావరకు పోతుంది. బ్రౌన్ బ్రెడ్ అయినా ఫర్వాలేదు. పదార్థాల్లో మొదట గోధుమ పిండి ఉందో మైదా ఉందో చూడండి, రంగు చూసి మోసపోకండి.

అమెరికాలో ఉండే మా చెల్లెలు సవర్‌డో బ్రెడ్‌తో (పులిసిన పిండితో చేసేది) చేస్తే చీజ్ అంతా పెనం మీద పడిపోతోందని ఫోన్ చేసింది. ఆ బ్రెడ్‌లో పెద్ద పెద్ద బొక్కలుంటాయి. అలాంటప్పుడు అడుగున ఒక స్లైసు చీజ్ పరిచి, తురుము దాని మీద వేయాలి. కరెంటు కాయిల్ స్టవ్ ఉన్నవాళ్లకి ఇంకో మాట: నాబ్ తగ్గించినా వేడి వెంటనే తగ్గదు. మొదటి నుంచీ తక్కువలోనే పెట్టండి.

లోపల ఏం వేయొచ్చు

తడి లేనిది ఏదైనా వేయొచ్చు. టమాటా వేయాలంటే గింజలూ గుజ్జూ తీసేసి, ముక్కల్ని టిష్యూ మీద కాసేపు ఆరబెట్టండి. ఉల్లిపాయ, క్యాప్సికం పలచగా కోసి ముందే పెనం మీద అర నిమిషం తిప్పితే నీరు పోతుంది. రెండు చీజ్ పొరల మధ్య పెడితే అన్నీ అంటుకుని జారకుండా ఉంటాయి. పచ్చిమిర్చి, వెల్లుల్లి సన్నగా తరిగి వేస్తే చిల్లీ చీజ్.

మా దగ్గర బాగా అమ్ముడయ్యేది మాత్రం కారప్పొడి చీజ్. లోపలివైపు వెన్న రాసి, ఇడ్లీ కారప్పొడి చెంచాడు చల్లి, మీద చీజ్. పొడిగా ఉంటుంది కాబట్టి బ్రెడ్ నానదు, ఆ కారం చీజ్ కొవ్వుకి భలే పట్టుకుంటుంది. కరివేపాకు కారం, నువ్వుల కారం కూడా బాగుంటాయి. ఆవకాయ అడిగేవాళ్లూ ఉన్నారు. గుజ్జు ఒక చెంచా, అంతే. ముక్క వేస్తే కొరకడానికి తిప్పలు, నూనె కారిపోతుంది. బొంబాయి శాండ్‌విచ్‌లా పుదీనా చట్నీ, ఉడికిన ఆలూ, బీట్‌రూట్ పెట్టుకుంటే అది ఇంకో వంటకం. చట్నీ గట్టిగా నూరండి, అంతకు మించి చెప్పేదేం లేదు.

బాక్సులో ఎందుకు మెత్తబడుతోంది

ఇది చీజ్ తప్పు కాదు, ఆవిరి తప్పు. పెనం మీంచి తీసి స్టీలు ప్లేటులో పెడతాం. బ్రెడ్‌లోంచి వచ్చే ఆవిరికి కింద దారి లేక చల్లటి ప్లేటుకి తగిలి నీటిబొట్లవుతుంది. ప్లేటు ఎత్తి చూడండి, శాండ్‌విచ్ ఆకారంలో చెమ్మ కనబడుతుంది. ఆ నీళ్లే అడుగు బ్రెడ్ తాగేస్తుంది. వేడిగా ఉండగానే బాక్సులో పెట్టి మూతేస్తే రెండు వైపులా అదే జరుగుతుంది.

జాలీ గరిటె అయినా, కేక్ చల్లార్చే జాలీ అయినా, ఏదీ లేకపోతే పులకా కాల్చే జాలీ అయినా సరే, దాని మీద పెట్టి పూర్తిగా చల్లారనివ్వండి. అడుగునుంచి కూడా గాలి ఆడాలి. పది నిమిషాలు. ముక్కలు కోసి నిలబెడితే ఇంకా త్వరగా ఆరుతుంది. తర్వాత టిష్యూలో చుట్టి బాక్సులో పెట్టండి. ఫాయిల్‌లో బిగించి చుట్టకండి, అది చెమ్మను బయటికి పోనివ్వదు.

ఇంకో ముఖ్యమైన మాట. బాక్సుకి చేసేటప్పుడు మొజరెల్లా వద్దు. సాగేదంతా వేడిగా ఉన్నప్పుడే. చల్లారితే మొజరెల్లా బిగుసుకుని నమలలేని పొరలా అవుతుంది, పిల్లలు సగం తిని తెస్తున్నారంటే అది కూడా కారణం కావచ్చు. ప్రాసెస్డ్ చీజ్ చల్లారినా మెత్తగానే ఉంటుంది. ఇంట్లో వేడివేడిగా తినేదానికి సగం సగం, బాక్సుకి ఒట్టి ప్రాసెస్డ్. టమాటా, ఉల్లిపాయ కూడా బాక్సుకి వద్దు. కారప్పొడి, స్వీట్‌కార్న్ లాంటి పొడిగా ఉండేవి వేయండి. ఎండాకాలంలో మధ్యాహ్నం దాకా బాక్సులో పనీర్, మయొనీస్ లాంటివి ఉంచడం మంచిది కాదు.

మరి మెషీన్ ఎవరు కొనాలి?

ఒకేసారి నలుగురికి చేయాలి, పొద్దున్నే స్టవ్ దగ్గర నిలబడే తీరిక లేదు అనుకుంటే కొనండి. రుచి కోసం కొనకండి. మెషీన్‌కి ఉన్న అసలు లాభం పైనా కిందా ఒకేసారి వేడి తగలడం, తిప్పక్కర్లేకపోవడం. త్రికోణాల అచ్చున్న టోస్టర్ అంచులు మూసేస్తుంది కాబట్టి చీజ్ కారదు, ఆలూ కూర పెట్టుకునేవాళ్లకి అది బాగుంటుంది. గీతల ప్లేటున్న గ్రిల్లర్‌లో చారలు అందంగా పడతాయి. కానీ ఆ గీతలు ఆనిన చోటే బాగా కాలుతుంది, మధ్యలో పాలిపోయి ఉంటుంది. పెనం మీద మొత్తం ఉపరితలం కాలుతుంది కాబట్టి కరకర దాంట్లోనే ఎక్కువ. ఏ మెషీన్ అయినా పచ్చ లైటు వెలిగేదాకా ఆగి అప్పుడు పెట్టండి. చల్లటి ప్లేట్ల మధ్య పెడితే బ్రెడ్ ముందు ఎండిపోతుంది.

గ్యాస్ మంట మీద పట్టుకునే అల్యూమినియం చేతి టోస్టర్ చాలా చవక. హాస్టల్లో ఉండేవాళ్లకి నేను అదే చెబుతాను. మంటకి కొంచెం ఎత్తులో పట్టుకుని అర నిమిషానికోసారి తిప్పుతూ ఉండాలి. ఒకేచోట ఆపితే మంట తగిలిన గుండ్రం మాడిపోతుంది.

చివరగా మిగిలిన చీజ్ గురించి. బ్లాకు కోశాక బటర్ పేపర్‌లో చుట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రెండు వారాల్లోపు వాడేయండి. ప్రాసెస్డ్ చీజ్‌ను డీప్ ఫ్రీజర్‌లో పెడితే పొడిపొడిగా రాలిపోతుంది. మొజరెల్లా తురుమును మాత్రం ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, వాడే ముందు కింది అరలోకి మార్చి కరగనివ్వండి. స్లైసు మీద బూజు కనిపిస్తే ఆ ముక్క గిల్లేసి మిగతాది వాడదామనుకోకండి, మొత్తం పారేయండి.